ఆరూ పద్నాలుగుకు ముందు

ఎవరో ఒకరు అబద్ధమాడుతుండాలి, లేదంటే ఆ ఆరు నిమిషాలే అబద్ధం. మనిషి అబద్ధమాడితే కళ్ళలోనో కాళ్ళలోనో ఎక్కడో ఒకచోట బయటపడతాడు. గడియారానికి ఆ ఇబ్బంది లేదు. అత్తర్ల కొట్టు పెద్దాయన ఆరూ పద్నాలుగుకి ఉపవాసం విడిచాడు, ఆరూ ఇరవైకి పడిపోయాడు. ఒకరు కాదు, ఇరవై రెండు మంది చెప్పారు. అంతమంది ఒకే మాట మీద నిలబడితే ఇక నమ్మి ఊరుకోవాలి. కానీ పళ్ళ సందున ఇరుక్కున్న పీచు చుట్టూ నాలుక తిరిగినట్టు, పొద్దుటి నుంచి డిటెక్టివ్ మనసు ఆ ఆరు నిమిషాల చుట్టూనే తిరుగుతోంది.

"అమ్మా, కాస్త పక్కకి," అంటూ ఐసుగడ్డల బండివాడు ఆమె మోచేతిని రాసుకుంటూ పోయాడు. అప్పుడు గానీ తాను బజారులోకి వచ్చేసిన సంగతి ఆమెకు తెలియలేదు.

ఈ వీధికి ఆరు వీధుల అవతల పదకొండేళ్ళుగా ఉంటోంది. ప్రతి ఏడూ రంజాన్ నెలలో ఇక్కడి పొగా, దీపాల వెలుగూ ఆమె వంటింటి కిటికీ దాకా వస్తాయి. ఒక్కసారీ రాలేదు. నలుగురిలో తినడం ఆమెకు చేతకాదు. ఇంట్లో కూడా గోడవైపు తిరిగి తింటుంది, ఇల్లంతా ఖాళీగా ఉన్నా సరే. అలాంటి మనిషి బజారంటే ఏమనుకుంటుంది? నోళ్ళు, వేళ్ళు, జుర్రుకునే చప్పుళ్ళు. తీరా వచ్చి చూస్తే ఇక్కడ ఎవరూ తినడం లేదు. బాణళ్ళలో పిండివంటలు బుసబుసా పొంగుతున్నాయి, ఖర్జూరాలు కుప్పలుగా ఉన్నాయి, షర్బత్ గ్లాసులు చెమటలు పట్టి వరసగా నిలబడ్డాయి. వేయించేవాడు, పిండేవాడు, కోసేవాడు, ఎవరూ తెల్లవారుజాము నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఇంత తిండి మధ్య ఇన్ని మూసిన నోళ్ళను ఆమె ఎక్కడా చూడలేదు. అందరి చూపూ నిమిషానికోసారి చేతి గడియారం మీదికి పోతోంది. ఊరంతా తనలాగే కాలుకాలిన పిల్లిలా ఉందనిపించి, ఎందుకో కొంచెం ధైర్యం వచ్చింది.

ఇప్పుడు ఐదూ పది.

నిన్న సాయంత్రం ఇదే వీధిలో అత్తర్ల కొట్టు పెద్దాయన కూలిపోయాడు. అరవై దాటిన మనిషి, వీధి వ్యాపారుల సంఘానికి పెద్ద. సూర్యుడు కుంకగానే వీధి మధ్య పరిచిన చాపల మీద అందరూ వరసగా కూర్చుని ఉపవాసం విడుస్తారు. ముందు ఖర్జూరం, తర్వాత నీళ్ళు. ఆ తర్వాత మూలమీద పొయ్యి పెట్టుకున్న వంటమేస్త్రి గుండిగలోంచి తొలి గిన్నె సూపు పెద్దాయనకే వెళ్ళాలి. నిన్నా మేస్త్రి తన చేత్తోనే పట్టుకెళ్ళి ఇచ్చాడు. నాలుగు చెంచాలు తాగాడో లేదో, పెద్దాయన పక్కవాడి భుజం మీదికి ఒరిగాడు. ఆసుపత్రికి చేరేసరికి నాడి నిమిషానికి ముప్పై నాలుగు. రక్తంలో గుండె జబ్బుకు వాడే మందు, వాడాల్సిన దానికి ఎన్నో రెట్లు. అవే మాత్రలు మేస్త్రి పొయ్యి పక్కన అల్యూమినియం డబ్బాలో దొరికాయి. పైగా వారం కిందటే పెద్దాయన సంఘం తరఫున అతనికి నోటీసు ఇచ్చి ఉన్నాడు. పండగ దాటగానే మూలమీది పొయ్యి తీసెయ్యాలి. మేస్త్రి తండ్రి పెట్టిన పొయ్యి అది, నలభై ఏళ్ళుగా ఆ మూల విడవనిది.

అన్నీ అతికినట్టు సరిపోయాయి. సరిపోయిన దాన్ని ఏ పోలీసూ మళ్ళీ విప్పి చూడడు.

మేస్త్రి కూతురు పొద్దున్నే వచ్చింది. బట్టలు కుట్టే అమ్మాయి, చూపుడు వేలికి దారం చుట్టుకునే ఉంది. ఏడవలేదు. తనకు తల్లి లేదని, నాన్నా మేనత్తా కలిసి పెంచారని, నాన్నను తీసుకుపోతే అత్త బతకదని వరసగా చెప్పింది. చివర్లో, "మా నాన్న చీమ కుట్టినా ఊది పక్కకి పంపే మనిషి మేడమ్," అంది. కన్నవాళ్ళ గురించి పిల్లలు చెప్పేవి సాక్ష్యానికి పనికిరావని డిటెక్టివ్‌కి తెలుసు. తెలిసీ కేసు ఒప్పుకుంది.

మూలమీది పొయ్యి దగ్గర ఇన్‌స్పెక్టర్ ప్లాస్టిక్ కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఆమె అక్క మొగుడు. ఈ నగరంలో ఆమె పట్టిన కేసులన్నిటికీ అతను అడ్డం, అతని కేసులన్నిటికీ ఆమె.

"వచ్చావా మరదలా. ఇంకా రాలేదేమిటా అని బెంగ పెట్టుకున్నాను."

"బెంగ ఉంటే అక్కతో చెప్పుకోండి బావగారూ."

"చెబితే నీకో క్యారేజీ కట్టి నాకిస్తుంది, మోసుకెళ్ళి ఇవ్వమని. అదొక డ్యూటీ." కుర్చీ లాగి చూపించాడు. ఆమె కూర్చోలేదు.

అతని ఏర్పాటంతా అయిపోయింది. వీధి చివర జీపు. ఇద్దరు కానిస్టేబుళ్ళు మఫ్టీలో. మేస్త్రికి ఇంకా చెప్పలేదు, కానీ చెప్పనక్కరలేదు, అతను మూడు వైపులా చూసి, జీపున్న నాలుగో వైపు తల తిప్పడం మానేశాడు. ఇప్పుడే ఎందుకు తీసుకుపోలేదని ఆమె అడిగితే, ఉపవాసం ఉన్నవాణ్ణి ఆకలి కడుపుతో జీపెక్కించి ఈ వీధి వీధినంతా నెత్తిమీదికి తెచ్చుకునేంత తెలివితక్కువవాణ్ణి కానన్నాడు ఇన్‌స్పెక్టర్. ఖర్జూరం నోట్లో వేసుకోనిస్తాడు, మంచినీళ్ళు తాగనిస్తాడు. ఆ తర్వాత బేడీలే.

అంటే ఆమె చేతిలో ఉన్నది గంటా నాలుగు నిమిషాలు.

"మీరు తీసుకున్న ఇరవై రెండు వాంగ్మూలాలు," అందామె, "ఎన్ని గంటలకు మొదలవుతాయి?"

"ఆరూ పద్నాలుగుకి. ఉపవాసం విడిచినప్పటి నుంచి."

"అంతకు ముందు?"

"అంతకు ముందేముంటుంది? తెల్లారుజాము నుంచి నోరు మూసుకున్న మనిషి. మూసిన నోటి గురించి ఎవర్నేం అడగను?"

"ఆరు నిమిషాల్లో మనిషిని పడగొట్టేంత తొందరగా పని చేస్తుందా ఆ మందు?"

"ఖాళీ కడుపు మరదలా. నాకైతే ఖాళీ కడుపులో కాఫీ కూడా ఎక్కుతుంది."

 ఆమె మేస్త్రి వైపు తిరిగింది.

యాభై అయిదేళ్ళ మనిషి. మణికట్టు నుంచి మోచేయి దాకా కాలిన మచ్చలు, కొన్ని పాతవి, కొన్ని మొన్నటివి. ఆమె అడుగుతున్నంతసేపూ గరిటె తిప్పుతూనే ఉన్నాడు. పెద్దాయన మీద కోపం ఉందా అంటే ఉందన్నాడు. నోటీసు వచ్చిన రోజు అరిచానన్నాడు. గిన్నె ఎవరు కడిగారంటే తానే. ఎవరు నింపారంటే తానే. పొయ్యి దగ్గర నుంచి పెద్దాయన చాప దాకా పద్దెనిమిది అడుగులు, మధ్యలో ఎవరూ తాకలేదు. తన మీదికి వచ్చే ప్రతి రాయినీ చేయి చాచి పట్టుకుంటున్నట్టుగా చెప్పుకుపోయాడు. నిజం చెప్పేవాడు ఎక్కడో ఒకచోట తడబడతాడు, గుర్తులేదంటాడు. ఇతను తడబడటం లేదు.

"డబ్బాలో మాత్రలెవరివి?"

"నావే."

"రోజుకెన్ని?"

గరిటె ఆగింది. "మూడు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి."

"ఉపవాసం ఉంటూ మధ్యాహ్నం మాత్ర ఎలా మింగుతున్నారు?"

అతను ఆమె ముఖంలోకి చూశాడు. మొదటిసారి చూడటం అదే. పొయ్యి వేడికి ఎర్రబడ్డ ఆ కళ్ళలో కోపం లేదు, బతిమాలడం ఉంది. వదిలెయ్యమని. తర్వాత భుజం మీదుగా వెనక్కి తిరిగి, గొంతు పెంచి, "అక్కా, ఉప్పు చూద్దువు గానీ రా," అన్నాడు.

వచ్చినావిడ అరవై అయిదేళ్ళది, ఊదితే ఎగిరిపోయేలా ఉంది. ఒక చేతిలో పొడుగు కాడ చెంచా, ఇంకో చేతిలో మూత పెట్టిన చిన్న స్టీలు గిన్నె. వీధిలో చిన్నా పెద్దా అంతా ఆమెను ఉప్పత్త అంటారట. ఎందుకో ఆమే నవ్వుతూ చెప్పుకొచ్చింది. వంట చేసేవాళ్ళంతా ఉపవాసం, రుచి చూడలేరు. వందలమంది తినే వంట ఉప్పు తెలియకుండా దించలేరు. ఆమె ఒక్కతే ఉపవాసం లేనిది, డాక్టరూ వద్దన్నాడు, మతపెద్దలూ వద్దన్నారు. కాబట్టి మధ్యాహ్నం మూడు నుంచి ఉపవాసం విడిచేదాకా పద్దెనిమిది పొయ్యిల దగ్గరా ఆమె నాలుకే తీర్పు.

"నెలంతా పగటిపూట ఈ వీధిలో నోరు ఆడించేది నేనొక్కదాన్నే తల్లీ. పిల్లలు నన్ను సర్కస్ బండిలో వచ్చిన జంతువుని చూసినట్టు చూస్తారు." గుండిగలో చెంచా ముంచి తాను చూసింది, కళ్ళు మూసుకుంది, తెరిచింది. తర్వాత చెంచా కడిగి మళ్ళీ ముంచి, డిటెక్టివ్ అరచేయి లాక్కుని అందులో ఒంపింది. "నీకూ ఉపవాసం లేదుగా. చెప్పు చూద్దాం."

చుట్టూ వంద మూసిన నోళ్ళు. అందరి మధ్యా ఇప్పుడు తినాల్సింది తనొక్కతే. ఆమె మెడ పక్కకు తిప్పేసుకుని గబుక్కున నాకేసింది. నోరు కాలింది, చెవులు వేడెక్కాయి.

"ఉప్పు తక్కువ."

"అబ్బో, నాలుకున్న పిల్లే." ఉప్పత్త తమ్ముడి వైపు తిరిగి రెండు వేళ్ళు చూపించింది. రెండు చిటికెలు. ఆ తర్వాత పక్క పొయ్యి వైపు కదిలిపోయింది. ఎవరూ తలెత్తి చూడలేదు.

ఐదూ ముప్పై అయింది.

అత్తర్ల కొట్టును నిన్నటి నుంచి ఎవరూ తెరవలేదు. మనిషి పడింది వీధిలో కాబట్టి పోలీసులకు వీధే సంఘటనా స్థలం. కొట్టు తీయించమని ఆమె అడిగితే, నీ సరదా ఎందుకు కాదనాలి అంటూ ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్ చేత షట్టరు ఎత్తించి, తాను గుమ్మంలో నిలబడ్డాడు.

ముందు భాగమంతా అద్దాల అరలు, చిన్న చిన్న సీసాలు. ముక్కు ఒక్క నిమిషంలో మొద్దుబారిపోయింది. గులాబీ, మల్లె, గంధం అన్నీ కలిసి ఒకే గోడలా వచ్చి మీద పడ్డాయి. ఇక్కడ కోడి వండినా వాసన బయటికి రాదు. ఆ మాట ఆమె మనసులో ఊరికే వచ్చింది, వచ్చి పోలేదు.

వెనక సరుకు గది. అట్టపెట్టెలు, ఒక స్టూలు, గోడకు వేసిన మేకుకు నమాజు టోపీ. తలుపుకు లోపలి వైపు గడియ ఉంది. కొత్త గడియ. సరుకు పెట్టుకునే గదికి లోపలి నుంచి గడియ ఎందుకు? లోపల ఉండిపోదలచినవాడికి కావాలి గానీ, సరుక్కి అక్కర్లేదు. పెట్టెల మీద వేలు లోతున దుమ్ము. ఒక్క పెట్టె మీద మాత్రం లేదు. దాని మూత ఎత్తింది. సగం తాగిన నీళ్ళ సీసా. దాని కింద జేబురుమాలులో చుట్టి, అరచేతిలో పట్టేంత యంత్రం.

"ఏమిటది, బాంబా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"చక్కెర చూసుకునే మిషను."

వేలు గుచ్చి ఒక చుక్క నెత్తురు అంటిస్తే అంకె చూపించే రకం. చూపించినవన్నీ దాచుకుంటుంది కూడా, తారీఖుతో, వేళతో సహా. ఆమె మీట నొక్కింది. నిన్న మూడూ యాభైకి, యాభై ఆరు. నిన్న నాలుగూ నలభైకి, నూట డెబ్భై నాలుగు. ఇంకా వెనక్కి పోయింది. మొన్న, అటు మొన్న, అంతకు ముందు. రోజూ నాలుగింటి ముందర మనిషికి కళ్ళు తిరిగేంత తక్కువ. రోజూ అయిదవకుండా నూట యాభై పైన. ఈ నెల మొదలైనప్పటి నుంచీ ఇరవై ఒక్క రోజులు ఇదే వరస.

ఇన్‌స్పెక్టర్ ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు. "అయితే?"

"ఏమీ తినని మనిషికి గంటలో చక్కెర ఇలా పెరగదు బావగారూ. ఈయన రోజూ నాలుగింటికి ఈ గదిలో గడియ పెట్టుకుని తింటున్నాడు."

 అతను మిషను చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, దీని గడియారం సరిగ్గా ఉందని ఎవరు చెప్పారన్నాడు. తన చేతి గడియారం పక్కన పెట్టి చూపించింది. నిమిషం తేడా లేదు. సంఘానికి పెద్ద, ముప్పై ఏళ్ళుగా వరసలో ముందు కూర్చునే మనిషి, అలాంటి మనిషి దొంగతిండి తిన్నాడని కోర్టులో చెప్పమంటావా అన్నాడు. వీధి వాళ్ళు నిన్నూ నన్నూ కలిపి తన్నుతారన్నాడు. కానీ గొంతులో ఇందాకటి కులాసా లేదు.

"ఇరవై రెండు మందీ నిజమే చెప్పారు," అందామె. "వాళ్ళ బుద్ధికి ఆరూ పద్నాలుగుకు ముందు తినే వేళే లేదు. మీకూ అందుకే లేదు. నాకూ ఇప్పటిదాకా లేదు."

దొంగతిండి. ఆ మాట ఆమెకు పాతదే. నాన్న పోయిన రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల వంటింట్లో తలుపు చాటున గుప్పెడు పంచదార నోట్లో పోసుకుని, నమలకుండా, చప్పుడు కాకుండా, కరిగేదాకా నోరు మూసుకుని నిలబడింది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ చూడనే లేదు. చూసి ఉంటే బాగుండేది. చూడనందుకే ముప్పై ఏళ్ళుగా గోడవైపు తిరిగి తింటోంది. జబ్బుమనిషికి ఉపవాసం అక్కర్లేదని ఈ పెద్దాయనకు తెలియదా? తెలుసు. తెలిసినా నలుగురిలో ఒప్పుకోవడం కన్నా గడియ పెట్టుకోవడమే సులువనిపించింది. ఆ గదిలో అతని పక్కన స్టూలు మీద తాను కూర్చున్నట్టే అనిపించింది ఆమెకు.

ఆసుపత్రికి ఫోన్ చేసింది. డ్యూటీ డాక్టరు అలసిపోయి ఉన్నా ఓపిగ్గానే చెప్పాడు. ఆరు నిమిషాల్లో అసాధ్యం. ఖాళీ కడుపైనా గంట పట్టాలి, మామూలుగా రెండు గంటలు. నాలుగింటికి లోపలికి పోయి ఉంటే? అప్పుడు సరిగ్గా సరిపోతుందన్నాడు. ఈ ప్రశ్న పోలీసులు అడగలేదేమండీ అని కూడా అన్నాడు. ఆమె ఫోన్ కొంచెం ఇన్‌స్పెక్టర్ వైపు తిప్పి పట్టుకుంది.

"ఇంకో మాట," అన్నాడు డాక్టరు. "మీకు సంతోషం కలిగించేదే. నాలుగున్నరకి కళ్ళు తెరిచాడు. మాట ఇంకా లేదు, రాత్రికి రావచ్చు. పల్చగా ఏదైనా పట్టొచ్చని చెప్పాం. మీ బజారు నుంచే ఎవరో పెద్దావిడ ఫోన్ చేసి సూపు తెస్తానంది. పాపం, ఎన్నిసార్లు అడిగిందో, మాట్లాడుతున్నాడా, మాట్లాడుతున్నాడా అని."

ఫోన్ చెవి దగ్గరే ఉంది గానీ తర్వాత అతనేమన్నాడో ఆమె వినలేదు. పెద్దాయన నోటికి ఏమీ పెట్టవద్దని మాత్రం రెండుసార్లు చెప్పి పెట్టేసింది.

"ఎవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పావుగంట ఆగండి."

"ఆరూ పద్నాలుగుకి నా పని నేను చేసుకుపోతాను. కొత్తవాణ్ణి చూపిస్తే వాణ్ణి, చూపించకపోతే పాతవాణ్ణి."

ఆమె బయటికి నడిచింది. ఐదూ యాభై ఎనిమిది. చాపలు పరిచేశారు. జనం సర్దుకుని కూర్చుంటున్నారు. పగటిపూట, నాలుగింటికి, ఈ వీధిలో తినే వస్తువు చెంచాతో సహా మోసుకుని ఏ కొట్టులోకి వెళ్ళినా ఎవరూ తల తిప్పి చూడని మనిషి ఎవరు? ఆ ప్రశ్నకు జవాబు ఇందాకనే ఆమె అరచేతిలో వేడిగా ఒంపి వెళ్ళింది. మేస్త్రి ఎందుకు తడబడలేదో, ఎవరి మాత్రల్ని తనవంటున్నాడో ఇప్పుడు తెలుస్తోంది. అక్కే చేసిందని అతనికీ ఖాయంగా తెలియదు. అనుమానం. అనుమానంతోనే మెడ చాచాడు.

మేస్త్రి కూతురు చాపల దగ్గర ఖర్జూరాలు పంచుతూ కనిపించింది. డిటెక్టివ్‌ని చూసి ఆశగా కళ్ళెత్తింది. డిటెక్టివ్ తల దించుకుని దాటిపోయింది. తండ్రిని కాపాడమని వచ్చిన పిల్లకు తల్లి లాంటిదాన్ని తీసుకుపోయి ఆ బాకీ తీర్చాలి. దీనికి ఏ పేరు పెట్టాలో తెలియలేదు.

పొయ్యి వెనక గుండిగలు దాచుకునే రేకుల షెడ్డు. అందులో ఒక్క బల్బు. ఉప్పత్త బల్ల ముందు నిలబడి చిన్న గిన్నెలోంచి ఫ్లాస్కులోకి సూపు ఒంపుతోంది.  అలికిడికి తలెత్తి చూసి, మళ్ళీ ఒంపుకుంది.

"మిషను దొరికిందత్తా," అంది డిటెక్టివ్.

"ఏ మిషను?"

చెప్పింది. నాలుగింటి అంకెలు, అయిదింటి అంకెలు, గడియ, నీళ్ళ సీసా, డాక్టరు మాట. ఉప్పత్త వింటూనే ఫ్లాస్కు నిండేదాకా పోసి, గిన్నె కింద పెట్టి, పమిట చెంగుతో చేతులు తుడుచుకుంది. కాదనలేదు. ఏడవనూ లేదు. కూర్చుంటే లేవలేనేమోనన్నట్టు బల్లను ఆనుకుంది.

ఆరేళ్ళ కిందటి మాట అంది. ఇదే నెలలో, నాలుగింటప్పుడు కొట్టు ముందు నుంచి పోతూంటే లోపల పెద్దాయన నేలమీద పడి ఉన్నాడు, ఒళ్ళంతా చెమట. ఆమె చేతిలో ఎవరి పొయ్యి దగ్గరదో పాయసం ఉంది. చెంచాతో నోట్లో పెట్టింది. లేచి కూర్చున్నాడు. కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరికీ చెప్పనని ప్రమాణం చేయించుకున్నాడు. జబ్బుకు మినహాయింపు ఉంది కదయ్యా, నేను లేనా అంటే, నువ్వూ నేనూ ఒకటేనా అన్నాడు. అప్పటి నుంచి ప్రతి ఏడూ ఈ నెలంతా నాలుగింటికి ఆమె గిన్నె ఆ గదిలోకి వెళ్తోంది.

"నోటీసు వచ్చాక అడిగానమ్మా. ఆ గదిలోనే అడిగాను. మా నాన్న పెట్టిన పొయ్యి, తీయించకు అని. నేను తెచ్చింది తింటూ విన్నాడు. అంతా తిన్నాడు. మూతి తుడుచుకుని, అది సంఘం నిర్ణయం అన్నాడు." ఆమె చిన్న గిన్నె మీద మూత పెట్టింది. "మూతి తుడుచుకుని."

"బయటపెడతానని ఒక్క మాట అంటే పొయ్యి జోలికి వచ్చేవాడు కాదు కదా అత్తా."

ఉప్పత్త ఆమె వైపు చూసిన చూపులో నిజమైన నొప్పి ఉంది, తప్పుడు మాటేదో వినాల్సి వచ్చినట్టు. "ప్రమాణం చేశాను," అంది.

 ఈవిడ అబద్ధం చెప్పడం లేదు. మాట తప్పడం ఆమె వల్ల కాలేదు. మాత్రలు నూరడం మాత్రం అయింది. డిటెక్టివ్ ఎన్నో ముఖాలు చదివింది గానీ, ఒకే మనిషిలో ఈ రెండూ ఇంత పక్కపక్కన, ఒకదానికొకటి తగలకుండా ఉండటం చూడలేదు.

"కొట్లోనే పడిపోతాడనుకున్నాను," అంది ఉప్పత్త. "గుండె ఆగిందనుకుంటారు, అంతటితో పోతుందిలే అనుకున్నాను. చాప దాకా నడిచొచ్చి, నా తమ్ముడి చేతి గిన్నె అందుకునేదాకా నిలబడతాడని ఎవరికి తెలుసు. రాత్రంతా కన్ను మూత పడలేదు. తెల్లారగానే పిల్లను నీ దగ్గరికి పంపాను."

"మీరా?"

"నీ పేరు ఎవరో చెప్పారు. వాడి చేతుల్లో ఏమీ లేదని నువ్వు తేలుస్తావన్నారు. తేల్చావు." కొంచెం ఆగింది. "ఇంత లోతుకు పోతావని చెప్పలేదు."

బయట మాటలు సన్నగిల్లాయి. ఆరూ పన్నెండు. వీధి వీధంతా ఖర్జూరం వేళ్ళ మధ్య పట్టుకుని కూర్చుంది. ఆ నిశ్శబ్దంలో బూట్ల చప్పుడు పొయ్యి వైపు నిదానంగా వస్తోంది. బావగారు వేళకు వస్తున్నారు.

"ఇందులో ఎన్ని వేశారు?" ఫ్లాస్కు వైపు చూపించింది.

"నా దగ్గర మిగిలినవన్నీ."

"ఆసుపత్రిలో పట్టనివ్వరు. చెప్పేశాను."

"ఊఁ." ఉప్పత్త తల ఊపింది, పక్క పొయ్యి దగ్గర ఉప్పు సరిపోయిందని చెప్పినప్పటిలాగే. తర్వాత ఫ్లాస్కు మూతను గిన్నెలా తిప్పి పట్టుకుని అందులోకి నిండా ఒంపుకుంది. ఆవిరి ఆమె ముఖం మీదికి లేచింది. తొందర లేదు. "పిల్లకు ఒక మాట చెప్పు. అత్తకు జబ్బు ముదిరిందని చెప్పు. గుండె కదా, నమ్ముతుంది."

డిటెక్టివ్ కదల్లేదు. కదలకపోతే ఏమవుతుందో ఆమె బుర్ర ఒక్క క్షణంలో వరసగా పేర్చి పెట్టేసింది. మేస్త్రి ఇంటికి పోతాడు. పెద్దాయన రహస్యం వీధికి తెలియదు. పిల్ల కోర్టు మెట్లు ఎక్కదు, తన అత్త బోనులో నిలబడటం చూడదు. ఎవరూ ఎవరినీ నలుగురిలో నిలబెట్టరు. తలుపు చాటున మొదలైంది తలుపు చాటునే కరిగిపోతుంది, చప్పుడు లేకుండా. ఎంత శుభ్రంగా ఉంది. ఇలాంటి ముగింపును ఆమె ఎన్ని రాత్రులు తనకోసం ఊహించుకుంది. శుభ్రంగా ఉండటమే ఆమెను భయపెట్టింది.

మసీదు మైకు ఒకసారి గరగరమంది. ఆ వెంటనే పిలుపు గాలిలోకి లేచింది. రేకు గోడకు అవతల వందల చేతులు ఒక్కసారిగా నోటి దగ్గరికి వెళ్ళాయి.

ఉప్పత్త కూడా చేయి ఎత్తింది.

డిటెక్టివ్ ఒక్క అడుగు ముందుకు వేసి, పొగలు కక్కుతున్న ఆ మూత మీద తన అరచేయి బోర్లించింది.